రెండుంబావు మీటర్ల బట్ట

"ఓ కోటేషూ, ఒక బీడీ ఉంటే ఇయ్యరాదు!"

వంగి మిరపకాయలు కోస్తున్న ప్రమీల వెనక్కి తిరిగింది. గట్టు మీద ట్రాక్టరు దిగి నిలబడ్డ జైరాం ఆమె ముఖం చూసి నాలుక కరుచుకున్నాడు. "అంగీ జూసి అనుకున్న వదినా, ఏమనుకోకు," అన్నాడు. అతని తప్పూ లేదు. నడుము ఎత్తు పెరిగిన చెట్ల మధ్య చీర కనిపించదు, తలకు తువ్వాల, ఒంటి మీద మొగుడు కోటేష్ గళ్ల అంగీ. సాలులో ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. ప్రమీల కూడా నవ్వింది. నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారు.

ఏన్కూరు చుట్టుపక్కల మిరప కోతలకు వెళ్లే ఆడవాళ్లందరిదీ ఇదే వేషం. మగవాడు వాడి వాడి విడిచిన అంగీ భార్య ఒంటి మీదికి వస్తుంది. ఎండకూ ఘాటుకూ అడ్డంగా ఉండాలి కదా అంటారు. ఉంటుంది, కాదనం. కానీ మగవాళ్ల భుజాలకు కుట్టిన అంగీ ఆడవాళ్ల ఒంటి మీద ఏం చేస్తుందో వేసుకున్నవాళ్లకే తెలుస్తుంది. భుజం మోచేతి వైపు జారిపోతుంది. ఛాతీ దగ్గర రెండో గుండీకీ మూడో గుండీకీ మధ్య నోరు తెరుస్తుంది, అక్కడో పిన్నీసు పెట్టుకోవాలి. చేతులు మూడు మడతలు వేసుకుంటే ఆ మడతల్లో కారం చేరి, సాయంత్రం నీళ్లు పోసుకునేటప్పుడు మణికట్లు భగ్గుమంటాయి. పైగా మన ప్రమీల కుట్టుపని తెలిసిన మనిషి. ఊళ్లో సగం మంది జాకెట్లు ఆమె మిషన్ మీదే పుడతాయి. బాగాలేని కుట్టును ఒంటి మీద మోస్తూ తిరగడం ఆమెకు రెండింతల శిక్ష.

ఆ శిక్షకు మందు ఆమె ట్రంకు పెట్టెలోనే ఉంది, పద్దెనిమిదేళ్లుగా. పెళ్లికి ముందు తల్లాడలో మూడు నెలలు కుట్టుపని నేర్చుకుంది. చివరి వారం కళావతి టీచరు ఎవరికి తోచింది వాళ్లు పేపరు మీద కట్ చేసి చూపించమంది. తోటి పిల్లలంతా గొడుగు గౌన్లూ బుట్ట చేతులూ గీస్తే, ప్రమీల వాళ్లమ్మ ఉప్పలమ్మకు కోతకు వేసుకెళ్లే అంగీ గీసింది. ఆడమనిషి భుజానికి తగ్గ భుజం, ఛాతీ దగ్గర ఒంటికి ఒదిగేలా డార్టు మడత, మణికట్టు దగ్గర బిగిసే చేతులు, నడుము దగ్గర రెండు పెద్ద జేబులు. టీచరు ఎర్ర పెన్నుతో "చాలా బాగుంది, కుట్టి చూపించు" అని రాసింది. పదిరోజులకే పెళ్లి కుదిరింది. కుట్టి చూపించడానికి టీచరూ లేదు, తొడగడానికి ఇప్పుడు అమ్మా లేదు. ఉప్పలమ్మ చివరిదాకా నాన్న అంగీల్లోనే కాయ కోసి పోయింది.

తీరిక లేకే కుట్టలేదని అడిగినవాళ్లకు చెప్పేది. అది సగం అబద్ధం. అసలు సంగతి బట్ట. పెళ్లికో పేరంటానికో వెళితే మగవాళ్లకు ప్యాంటు, షర్టు పీసులు పెడతారు, ఆడవాళ్లకు బొట్టు పెట్టి జాకెట్టు ముక్క ఇస్తారు. ఆ ముక్కలు ఆమె దగ్గర పెట్టెడున్నాయి. ఒకరింటి నుంచి ఇంకొకరింటికి తిరిగి తిరిగి, రెండేళ్లకు అదే ముక్క అదే పసుపు మరకతో మళ్లీ తన ఒడిలోకే వచ్చిన రోజులున్నాయి. కానీ జాకెట్టు ముక్కలో అంగీ రాదు. దానికి రెండుంబావు మీటర్లు కావాలి. అంత బట్ట ఆడవాళ్లకు పెట్టాలన్న ఆలోచన ఇన్నేళ్లలో ఎవరికీ రాలేదు. కొందామని ఒకసారి నోరు తెరిస్తే అత్త ఆదెమ్మ, "కూలికి పోయేదానికి కొత్త అంగీనా? ఎవల పెండ్లికి పోతున్నవే?" అంది. కోటేష్ అలా అనలేదు. "నా అంగీలు గిన్ని ఉండంగ కొనుడెందుకు, నీకు నచ్చింది తీస్కో," అన్నాడు. మంచి మాటే. చెడ్డమాటైతే ఎదురు చెప్పవచ్చు, మంచి మాటకు ఏం చెబుతుంది!

బీరువాలో నాలుగేళ్ల నుంచి ఒక ఆకాశం రంగు షర్టు పీసు పడి ఉంది, సరిగ్గా రెండుంబావు మీటర్లు. మేనల్లుడి పెళ్లిలో కోటేష్‌కు పెట్టింది. అతనేమో ఖమ్మంలో కొన్న రెడీమేడ్ తప్ప వేసుకోడు. జైరాం బీడీ అడిగిన ఆ సాయంత్రం ప్రమీల స్నానం చేసి, ఆ పీసు తీసి చాప మీద పరిచింది. పక్కన ట్రంకులోంచి తీసిన ఆ పాత పేపరు చుట్ట విప్పి, అంచులు లేవకుండా రెండు గ్లాసులు పెట్టింది.

కత్తెర పట్టుకుందో లేదో, మనసులో కోటేష్‌కు సంజాయిషీ మొదలైంది. నువ్వు కుట్టించుకోవు గదా, ఉత్తగనే పడి ఉంది, మడతల కాడ రంగు పోతంది, పాడైపోయేది పనికొస్తదని... ఆమె బతుకంతా ఇలాగే నడిచింది. కూర ఎందుకు తగ్గింది, చెల్లెలి ఇంట్లో ఇంకో రోజు ఎందుకుంది, ఫోన్ ఎందుకు ఎత్తలేదు. అడగకముందే జవాబు తయారుగా ఉండేది. చెప్పి చెప్పి, ఎవరూ లేనప్పుడు గోడలకు కూడా చెప్పుకునేది.

పేపరు మీదివి పద్దెనిమిదేళ్ల నాటి అమ్మ కొలతలు, తన ఒంటికి మార్చుకోవాలి కదా. ముందు కొలత తనే తీసుకుంది, వీపు మాత్రం అందలేదు. ఊరందరి వీపులూ కొలిచిన మనిషి వీపు కొలిచేవాళ్లు లేరు. అప్పుడే గేదెకు గడ్డి వేసి ఆదెమ్మ లోపలికొచ్చింది.

"ఎవలికే గిది?"

"నాకే అత్తమ్మా."

తిట్టు పడుతుందని కాసేపు చూసింది. పడలేదు. "జర ఈ టేపు పట్టరాదు," అంది ధైర్యం చేసి.

ఆదెమ్మకు అంకెలు రావు. టేపు ఈ భుజం నుంచి ఆ భుజానికి లాగి, బొటనవేలి గోరు గట్టిగా నొక్కిపెట్టి ముందుకు తెచ్చింది. "నా గోరు కాడ సూసుకో." పద్నాలుగున్నర. పేపరు మీద అమ్మ భుజం పక్కన పెన్సిలుతో రాసింది కూడా పద్నాలుగున్నరే. ఛాతీ ముప్పైయారు, అదీ అంతే. ప్రమీల పేపరు ముందు అలాగే కూర్చుండిపోయింది.

"ఏడుస్తున్నవా ఏంది?"

"లేదత్తమ్మా. మా అమ్మ కొలతే నాకొచ్చింది."

ఆదెమ్మ టేపు చుట్టి మిషన్ మీద పెట్టింది. తర్వాత, "కాలరు జర ఎత్తుగ పెట్టు. మీ మామ అంగీలు మెడ కాడ జారుతయ్, ఎండంత ఆడనే కొడ్తది. యాభై ఏండ్ల సంది సూస్తున్న," అంది.

కాలరు అరంగుళం పెంచింది ప్రమీల. మొదటి కత్తిరింపు రెండుసార్లు కొలిచి వేసింది, ఆ తర్వాత కత్తెర దానంతటదే నడిచింది. రెండు సాయంత్రాలు కుట్టింది. జాకెట్టు కోసం వచ్చిన కూలీల ముఠా మేస్త్రి నాగక్కకు "రేపు రా అక్కా, నాది నడుస్తంది," అని చెప్పింది. నాగక్క రెండుసార్లు అడిగి మరీ వెళ్లింది, ఎవరిది నడుస్తోందని. కాజాలు చేత్తో కుట్టి, గుండీలు వేసి, దారం పళ్లతో తెంపేటప్పటికి ఆమెకు ఆకలి కూడా గుర్తులేదు. సంతోషంగా ఉంది, అంతే.

మూడో రోజు పొద్దున చీర మీద తొడుక్కుంది. చెయ్యి పైకెత్తితే చెయ్యే లేచింది, అంగీ మొత్తం లేవలేదు. గుండీల మధ్య నోరు లేదు, పిన్నీసు అక్కర్లేదు. ఒక జేబులో ఫోన్ వేసుకుంది, ఇంకో జేబులో గుప్పెడు పల్లీలు. వాకిట్లో గచ్చు మీద కూర్చుని చాయ్ తాగుతున్న కోటేష్ తలెత్తి చూశాడు. మళ్లీ చూశాడు.

"గది మా బావ పెట్టిన బట్ట గదా? నాకు పెట్టింది?"

కోపంగా అనలేదు, ఊరికే అడిగాడు. రోడ్డు మీద కూలీల ఆటో హారన్ కొడుతోంది. ప్రమీల గొంతులో మూడు రోజులుగా తయారైన జవాబంతా వరసగా వచ్చి నిలబడింది. నాలుగేళ్లు, మడతలు, రంగు, పాడైపోవడం, అన్నీ. కొట్టం దగ్గర ఆదెమ్మ చేతిలో గడ్డి పట్టుకుని ఆగిపోయింది.

"అవ్," అంది ప్రమీల.

కోటేష్ ఇంకా వినడానికి చూస్తూనే ఉన్నాడు. అలవాటు మరి. ఆమె సద్ది డబ్బా తీసుకుని ఆటో ఎక్కింది. పద్దెనిమిదేళ్ల కాపురంలో మొగుడికి ఆమె ఇచ్చిన జవాబుల్లో అన్నిటికన్నా చిన్నది అదే. ఆ రోజంతా కాయ కోస్తూ దాన్ని మనసులో అని అని చూసుకుంది. ఎక్కడా బిగుతు లేదు.