రెండో సంతకం

విమానం తోక కింద వంగి చూస్తున్న రూప వేళ్ళకు ఒక నట్టు తగిలింది. తగలడమే కాదు, తిరిగింది. స్పానరు పెట్టి బలంగా లాగితే తప్ప కదలకూడని నట్టు, పందొమ్మిదేళ్ళ పిల్ల వేళ్ళకు సీసా మూతలా తిరిగింది. పైలట్ శిక్షణలో భాగంగా ఇంకో పది నిమిషాల్లో ఆ పిల్ల అదే విమానంలో ఒంటరిగా పైకి ఎగరాల్సి ఉంది.

"అక్కా, ఇక్కడ పిన్ను లేదు" అని పిలిచింది.

మెకానిక్ శరణ్య టార్చి తెచ్చి చూసింది. తోక దగ్గరి రెక్కను పైకీ కిందికీ ఆడించే కడ్డీ ఆ బోల్టుకే తగిలించి ఉంటుంది. నట్టు వదులు కాకుండా అడ్డంగా ఒక పిన్ను దూర్చి, దాని కొసలు వంచాలి. చీపురుపుల్లంత పిన్ను. అది లేదు. గాల్లో ఉండగా నట్టు ఊడితే విమానం ముక్కు ఎత్తడం, దించడం ఇక పైలట్ చేతిలో ఉండదు.

పని కార్డు తెరిచింది. నిన్న మధ్యాహ్నం ఆ బోల్టు బిగించినట్టు మొదటి సంతకం పెద్ద మెకానిక్ నబీ సాబ్‌ది. బిగించింది స్వయంగా చూశానని రెండో సంతకం తనది. నిన్న ఆమె ఆ బోల్టు వైపు వంగనైనా వంగలేదు.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, పెద్దకడుబూరు వైపు పత్తి చేలు చదును చేసి వేసిన రన్‌వే అది. బోర్డు మీద పైలట్ శిక్షణ కేంద్రం అని బంగారు రంగు అక్షరాలు. బోర్డు వెనక నాలుగు చిన్న విమానాలు, ఒక రేకుల షెడ్డు, షెడ్డులో రెండు ఫ్యాన్లు. ఏప్రిల్ ఎండకు ఆ ఫ్యాన్లు వేడిని ఈ మూల నుంచి ఆ మూలకు మోస్తుంటాయి. లైసెన్సు ఉన్న ఇంజనీరు బెంగళూరు నుంచి వారానికి రెండు రోజులు వస్తాడు. కార్డు మీద రెండు సంతకాలు ఉన్నాయా లేదా చూసుకుని మూడోది గీకి పోతాడు. గంటసేపు ఎగరడానికి శిక్షణ పిల్లలు కట్టేది పద్నాలుగు వేలు. శరణ్య నెల జీతం కూడా అంతే. ఎమ్మిగనూరులో నడుము పట్టేసి మగ్గం దిగిన తండ్రికీ, ఆ ఇంటికీ ఇప్పుడు ఆ పద్నాలుగు వేలే ఆధారం.

నబీ సాబ్‌ను అందరూ ఉస్తాద్ అంటారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఆదోని పత్తి మిల్లుల్లో ముప్పై ఏళ్ళు యంత్రాలు బాగుచేసి, పని చేస్తున్న మిల్లు మూతపడ్డాక ఇక్కడికి వచ్చాడు. చెవి పెట్టి వింటే ఇంజను తన జబ్బు తానే ఆయనకు చెప్పుకుంటుందని పేరు. చేరిన కొత్తలో శరణ్య రూలు ప్రకారం ఆయన బిగించినదాన్ని టార్చి వేసి చూడబోయింది. షెడ్డంతా నవ్వింది.

"ఉస్తాద్ బిగిచ్చిన నట్టుకు పరీచ్చ పెడతాండాదప్పా ఈ పాప!" అన్నాడు పెట్రోలు పట్టే మారెప్ప.

ఉస్తాద్ నవ్వలేదు. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు ఆమె చూడకుండానే సంతకం పెట్టింది. ఆ సాయంత్రం ఆయన బొరుగుల ఒగ్గాణి, మిరపకాయ బజ్జీ తెప్పించి ఆమె ముందు పెట్టాడు. అప్పటి నుంచి అక్కడ రెండో సంతకం అంటే తనిఖీ కాదు, మర్యాద. పదహారు నెలలుగా శరణ్య మర్యాద చేస్తూనే ఉంది. పెద్దవాళ్ళు చేసిన పనిని తిరిగి చూడటం తప్పని మనం పిల్లలకు ఉగ్గుపాలతోనే నూరిపోస్తాం. వాళ్ళు ఆ బుద్ధిమంతతనాన్ని విమానం తోక దాకా మోసుకొస్తారు.

సంగతి తెలిసి మేనేజరు శశికాంత్ పరుగున వచ్చాడు. పత్తి వ్యాపారంలో సంపాదించి ఈ కేంద్రం పెట్టిన యజమాని కొడుకు అతను. "దాన్ని పక్కన పెట్టండి. రూపా, నువ్వు రెండో విమానంలో పో. కట్టిన గంట ఎందుకు పోగొట్టుకుంటావు?" అన్నాడు. ఇరవై నిమిషాల్లో రూప రెండో విమానంలో పైకి పోయింది.

అతని కంగారుకు ఇంకో కారణం ఉంది. షెడ్డులో పనిచేసేవాళ్ళ తీరు, భద్రత మీద వాళ్ళకున్న పట్టింపు అంచనా వేయడానికి హైదరాబాద్ నుంచి రాధిక అనే అధికారి ఆ ఉదయమే వచ్చి కూర్చుంది. ఆమె ముందే పంపిన ప్రశ్నల పత్రంలో, 'తప్పు జరిగితే భయం లేకుండా చెప్పగలరా?' అని ఒక ప్రశ్న ఉంది. 'చెప్పగలం' అని అందరి పత్రాల మీదా నిన్న సాయంత్రం శశికాంతే టిక్కు పెట్టించాడు. పెట్టనని చెప్పడానికి అందరికీ భయమేసింది.

ఏసీ గదిలోకి శరణ్యనూ ఉస్తాద్‌నూ పిలిచారు. రాధిక ఒక పక్కన కూర్చుంది. శశికాంత్ టైపు చేసిన కాగితం శరణ్య ముందుకు తోశాడు. 'నబీ సాబ్ వయసు వల్ల కలిగిన మతిమరుపుతో పిన్ను వేయలేదు. నేను తనిఖీ చేసినప్పుడు పిన్ను ఉన్నట్టే కనిపించింది' అని ఉంది అందులో.

"సంతకం పెట్టు శరణ్యా. నీకేం కాదు. ఉస్తాద్‌ను గౌరవంగానే పంపిస్తాం."

ఉస్తాద్ నేల చూస్తూ అన్నాడు. "పెట్టు బేటీ. నాకింకా రెండేండ్ల సర్వీసే ఉండేది. నీకు ముందర శానా ఉంది. ఇంట్లో మీ నాయన ఉండాడు."

ఆ మాటతో శరణ్య కళ్ళు నిండాయి. పెట్టేస్తే అయిపోతుంది. పదహారు నెలలుగా పెట్టినట్టే ఇంకొకటి. ఎంత తేలిక! ఆ తేలికే ఆమెను భయపెట్టింది.

"నిన్న మూడు గంటలకు ఉస్తాద్‌కు ఫోన్ చేసినారు కదా సార్ మీరు?" అంది.

"చేసినా. అయితే ఏమి?"

"మూడో విమానం టైరు మార్చాలని. పిలగాళ్ళు కాసుకోనుండారు, బిరీన రమ్మన్యారు. అప్పుడు ఉస్తాద్ చేతిలో పిన్ను ఉంది. దాన్ని జోబీలో ఏసుకోని పోయినాడు. నేను చూసినా. మళ్ళొచ్చి ఏసింటాడనుకున్యా."

ఉస్తాద్ చేయి తనకు తెలియకుండానే చొక్కా జేబు మీదికి పోయింది. వేళ్ళతో తడిమి తీశాడు. చీపురుపుల్లంత పిన్ను. బల్ల మీద పెట్టి, దాని వైపు చూడలేక మొహం తిప్పుకున్నాడు.

రాధిక మొదటిసారి నోరు విప్పింది. "ఎవరు చేశారన్నది కాదు, ఎందుకు జరిగిందన్నది నాకు కావాలి. కానీ సంతకం ఉన్న కాగితాన్నే నేను తీసుకెళ్ళగలను."

"అయితే నేనే రాసిస్తా మేడం. తెల్ల కాగితం ఇయ్యండి."

"నువ్వు చూడలేదని రాస్తే ముందు పోయేది నీ ఉద్యోగమే" అన్నాడు శశికాంత్.

"చూడలేదు కదా సార్."

ఉస్తాద్ తలెత్తాడు. "నేను బిగిచ్చినేదాన్ని నువ్వు చూడాల్నా బేటీ? నా పని మీద నమ్మకం లేదా నీకు?"

"నమ్మినందుకే చూడలేదు ఉస్తాద్."

రాధిక తెల్ల కాగితం ముందుకు జరిపింది. శరణ్య రాయడం మొదలుపెట్టింది. పని మధ్యలో ఫోన్ వచ్చింది. పదకొండు గంటల డ్యూటీలో ఇద్దరే మనుషులు. సంతకానికి ముందు నేను చూడలేదు. ఎప్పటి నుంచి అని రాయబోయి కలం ఆపింది. పదహారు నెలలు. నాలుగు విమానాలు. అన్ని కార్డుల మీదా తన సంతకమే. బయట ఇంజను చప్పుడు షెడ్డు మీదుగా పోయి పడమటికి తిరిగింది.

శరణ్య లేచి నిలబడింది. "సార్, రూప ఎగరతాండేదానికి గూడా నేను చూడకుండానే పెట్టినా."

"దానికేం కాలేదు కదా!"

"తెలీదు సార్. తెలీదనే సెప్తాండాను. దించండి."

"ఊరికే దించేదానికి అదేమన్నా ఆటోనా? ఎందుకు దించినారో రిజిస్టర్‌లో రాయాల్ల. రాస్తే రేపట్నుంచి నాలుగూ షెడ్డులోనే. అప్పుడు మీ జీతాలు ఎవరిస్తారు?"

రేడియో సెట్టు అతని చేతిలోనే ఉంది. బొటనవేలు మీట మీద ఉంది కానీ నొక్కడం లేదు. రాధిక కుర్చీలోంచి సగం లేచి ఆగింది. ఉస్తాద్ గోడ పట్టుకుని లేచాడు.

"శశికాంత్ బాబూ, ఆ రెండోదాని తోక బిగిచ్చిన పొద్దు గూడా నన్ను మద్దెలో పిలిచినారో లేదో... నాకు గ్యాపకం లేదు."

తెలియదనే మాట ఉస్తాద్ నోట వినడం ఆ షెడ్డులో ఎవరికైనా అదే మొదటిసారి. శశికాంత్ ఏదో అనబోయేంతలో శరణ్య అతని చేతిలోంచి రేడియో లాక్కుంది. మేనేజరు చేతిలోది లాక్కోవడం ఏమిటో, దాని తర్వాత ఏమవుతుందో ఆమెకు తెలుసు. మీట నొక్కింది.

"రూపా, నేను శరణ్యక్కను. తిరుక్కోని వచ్చేయ్. మెల్లగా దిగు. తోకను గట్టిగా ఆడించొద్దు."

గరగర శబ్దం. "ఏమైందక్కా?"

"ఏమీ కాలేదు. దిగినాక చూద్దాం."

అందరూ రన్‌వే అంచుకు వచ్చారు. పడమటి వైపు ఆకాశం తెల్లగా మండుతోంది. కౌతాళం దిక్కున తుమ్మెదంత నల్లటి చుక్క వంపు తిరిగి ఇటు మళ్ళింది. చుక్క పెద్దదవుతోంది. శశికాంత్ ఎవరికో ఫోన్ చేస్తున్నాడు, అవతల ఎత్తడం లేదు. ఉస్తాద్ శరణ్య పక్కన వచ్చి నిలబడ్డాడు. కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు. చేయి దించేశాడు.

"నాకు కండ్లు ఆనవు" అన్నాడు. "తోక సరిగ్గా ఉందా, ఊగుతాందా? నువ్వు చూడు బేటీ."