సోలెడు వెలుగు

పొద్దున ఎనిమిదిన్నరకల్లా పోశమ్మ ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక ఉన్న కంటి దవాఖాన షట్టరు ఎత్తుతుంది. వాకిలి ఊడ్చి, బెంచీలు తుడిచి, మందుల వాసన పోవడానికి ఒక ఊదుబత్తి ముట్టిస్తుంది. ఊదుబత్తితో మందుల వాసన పోదు, రెండూ కలిసి మూడో వాసన అవుతుంది. అయినా పదకొండేళ్లుగా ముట్టిస్తూనే ఉంది. తొమ్మిదిన్నరకు పరీక్షలు చేసే పిల్ల త్రివేణి కొంగరకలాన్ నుంచి స్కూటీ మీద వస్తుంది. డాక్టరు మాత్రం మంగళవారం, శుక్రవారం హయత్‌నగర్ నుంచి వస్తాడు.

ఒకప్పుడు పక్కచూపు పరీక్ష కావాలంటే నగరానికే పోవాలి. అక్కడొక చీకటి గది, అందులో గంగాళాన్ని పక్కకు తిప్పి నిలబెట్టినట్టుండే మిషను. దాంట్లోకి తల పెట్టి, గడ్డం ఆనించి కూర్చుంటే పరీక్ష అయ్యేసరికి ముసలివాళ్లకు నడుము పట్టేసేది. కొందరు అందులోనే నిద్రపోయేవారు. రెండేళ్ల కింద ఆ గంగాళమూ ఆ చీకటి గదీ కలిసి ఒక చిన్న డబ్బాలోకి వచ్చాయి. పిల్లలు ఆటలాడుకునే వీఆర్ హెడ్‌సెట్ లాంటిదే. కళ్లకు పెట్టి వెనక పట్టీ బిగిస్తే లోపల చీకటి. "మధ్యలో ఉన్న చుక్కనే చూడండి. వెలుగు కనబడగానే బటన్ నొక్కండి" అని ఒక ఆడగొంతు చెబుతుంది. జనం దాన్ని టోపీ అంటారు. ఏ వెలుగు ఏ పక్క చూపిస్తున్నదో త్రివేణి చేతిలోని ట్యాబులో కనబడుతుంది.

మనిషి చూసిన వెలుగు మనిషిలోకి పోతుంది. చూడని వెలుగు కుర్చీ కింద రాలుతుంది. ఒక్కోటి జొన్నగింజంత, కొంచెం నీలంగా, ముట్టుకుంటే చల్లగా ఉంటుంది. ఒక్కొక్కరి పరీక్ష అయిపోగానే పోశమ్మ వాటిని చీపురుతో చేటలోకి ఎత్తుతుంది. మంచి కళ్లున్నవాళ్లకు కూడా తుమ్మినప్పుడో రెప్ప వేసినప్పుడో పదో పన్నెండో రాలుతాయి. పక్కచూపును మెల్లగా తినేసే నీటికాసుల జబ్బు ఉన్నవాళ్ల కింద గిద్దెడు పడతాయి, ముదిరితే సోలెడు పడతాయి. గిద్దె అంటే ఇప్పటివాళ్లకు తెలియదు. నాలుగు గిద్దెలైతే ఒక సోల. పోశమ్మ ఇంట్లో అత్తగారి నాటి ఇనుప సోల ఉంది. బియ్యం ఇప్పటికీ దాంతోనే కొలుస్తుంది. అందుకే కాగితం ప్రింటు కాకముందే త్రివేణి అడుగుతుంది.

"ఎంతక్కా?"

"అరగిద్దె ఉంటది."

కాగితం మీద కూడా అంతే వస్తుంది.

ఈ టోపీతో ఒకటే చిక్కు. ఇక్కడి వాళ్లందరికీ అదొక పరీక్ష, నూటికి నూరు తెచ్చుకోవలసిన పరీక్ష. వెంట వచ్చినవాళ్లు వెనక నిలబడి ట్యాబు చూస్తూ జవాబులు అందిస్తారు. ఆ శుక్రవారం లాల్ మహమ్మద్ ముసలాయనకు టోపీ పెడితే కోడలు గజాలా ఊరుకోలేదు.

"అబ్బా, నొక్కు! మీద వచ్చింది, నొక్కు!"

"గజాలక్కా, నువ్వు చెప్తే నీ కండ్ల రిపోర్టు వస్తది. తాతది రాదు" అంది త్రివేణి.

"మరి ఫెయిలైతే ఎట్ల?"

"ఫెయిలైతేనే గద దవా ఇచ్చేది."

టోపీ లోపలి నుంచి ముసలాయన అడిగాడు. "పాసైతే ఏమిస్తరు బేటీ?"

"ఏమియ్యరు. ఇంటికి పంపిస్తరు."

"అట్లయితే నేను ఫెయిలే రాసుకో."

బెంచీ మీది వాళ్లంతా నవ్వారు. పోశమ్మ నవ్వలేదు. ఆ రోజు పదకొండు గంటలకు ఆమె భర్త బుగ్గయ్య పరీక్ష ఉంది.

బుగ్గయ్య ఇంజనీరింగ్ కాలేజీ బస్సు డ్రైవరు. ఏటా జూన్‌లో కాలేజీ తెరవకముందు డ్రైవర్లందరూ కంటి కాగితం తేవాలి. కాగితం బాగుంటేనే బస్సు తాళం చేతికిస్తారు. నిరుడు బుగ్గయ్యకు ఎడమ పక్క చూపు కొంచెం పోయిందని మొగుడూ పెళ్లాలిద్దరికీ అనుమానమే. అందుకని ఒక ఉపాయం చేశారు. పోశమ్మ ట్యాబు కనబడేలా నిలబడి కిటికీ తుడుస్తుంది. ఎడమ పక్క వెలుగు వస్తే గాజులు ఒకసారి గలగలమంటాయి. బుగ్గయ్య నొక్కుతాడు. కిటికీ తుడిచే ఆడమనిషి గాజులు చప్పుడైతే ఎవరికి అనుమానం? కాగితం శుభ్రంగా వచ్చింది.

కానీ గాజులు విని నొక్కినంత మాత్రాన వెలుగు మనిషిలోకి పోదు కదా. కుర్చీ కింద గిద్దెడు గింజలు పడ్డాయి. త్రివేణి చూడకముందే పోశమ్మ వాటిని ఎత్తి, వెనక మోరీలో పారబోసింది. అవి మురికినీళ్ల మీద వెలుగుతూ పెద్దచెరువు దిక్కు కొట్టుకుపోయాయి. మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడి చూసింది.

ఈ ఏడు పరీక్ష రోజు పొద్దున ఇంట్లో బుగ్గయ్య చెయ్యి తగిలి చాయ గ్లాసు ఒలికింది.

"ఆడ ఎవరు పెట్టిన్రు దీన్ని?"

"రోజూ పెట్టేకాడనే పెట్టిన."

అతను తువ్వాలతో తుడుస్తూ అన్నాడు. "గాజులు నిండుగ ఏసుకో. నిరుడు చేసినట్టే చెయ్యి."

"సెలవుల ముందు బొంగ్లూరు గేటుకాడ ఏమైంది?"

"ఏమైంది? బస్సు చక్రం కింద నీళ్ల బాటిల్ పగిలింది. పిల్ల ఎనకకు జరిగింది గద."

"జరగకపోతే?"

"జరిగింది గద అంటున్న!"

బస్సుకు తలుపు ఎడమ పక్కనే. పిల్లలు ఎక్కేదీ దిగేదీ ఆ పక్కనే. ఈ సంగతి పోశమ్మ చెప్పలేదు, అతనికి తెలియనిది కాదు.

"ముప్పై ఏండ్ల సంది స్టీరింగు పట్టిన. ఈ రోడ్డు నాకు కండ్లు మూసుకున్నా తెలుసు."

"రోడ్డు తెలుసు. దాని మీదికి ఎవరొస్తరో తెలుసా?"

బుగ్గయ్య తువ్వాల పక్కన పెట్టాడు. మెల్లగా, "తాళం గుంజుకుంటే నేనేం మనిషినే?" అన్నాడు. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆ గొంతు ఆమె ఎన్నడూ వినలేదు. లేచి లోపలికి పోయి పచ్చగాజులు ఇంకో నాలుగు వేసుకుంది.

పదకొండింటికి త్రివేణి అతనికి టోపీ బిగించి, చేతిలో బటన్ పెట్టింది. "కదలకు అన్నా. చుక్కనే చూడు." కుడి కన్ను అయిపోయింది. అంత నష్టం లేదు. ఎడమ కన్ను మొదలైంది. పోశమ్మ తడిగుడ్డ తీసుకుని కిటికీ దగ్గరికి పోయింది. ట్యాబులో వెలుగు. గాజులు. నొక్కాడు. మళ్లీ వెలుగు. గాజులు. నొక్కాడు.

నొక్కినకొద్దీ గింజలు రాలాయి. నిరుడు ఒక్కొక్కటిగా, ఆగి ఆగి రాలినవి ఈసారి రేకుల మీద తొలకరి పడ్డట్టు పడుతున్నాయి. ఒక గింజ దొర్లుకుంటూ వచ్చి పోశమ్మ కాలి బొటనవేలికి తగిలి ఆగింది. ఆమె దాన్ని చూసింది. ఫెయిలైతేనే దవా ఇస్తారు. పొద్దున విన్న ఆ మాట అప్పుడు లోపలికి దిగింది. నిరుడు తను గాజులు ఆడించిన ప్రతిసారీ ఒక మందు చుక్క అతని కంట్లో పడకుండా పోయింది. ఏడాది పొడుగునా పడలేదు. ఇన్ని గింజలూ తన గాజులు రాల్చినవే.

ఆమె కుడిచేత్తో ఎడమచేతి గాజుల్ని గట్టిగా పట్టుకుంది. ట్యాబులో వెలుగు వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది, పోయింది. బుగ్గయ్య బొటనవేలు బటన్ మీద లేచి అట్లాగే ఆగిపోయింది. తల కొంచెం కిటికీ వైపు ఒరిగింది.

"పోశీ..."

"దయచేసి మాట్లాడకండి" అంది టోపీలోని ఆడగొంతు.

పట్టు బిగిసి ఒక గాజు పగిలి మణికట్టులో దిగింది. పోశమ్మ వదలలేదు. త్రివేణి ఆ చేతిని చూసింది, కుర్చీ కింద చూసింది. ఆమెకు అర్థమైంది. నిరుటిది కూడా అర్థమై ఉంటుంది. ట్యాబులో పరీక్ష ఆపింది.

"అన్నా, మళ్ల మొదటిసంది చేద్దాం" అంది. అప్పటిదాకా రాలినవాటిని పోశమ్మ ఊడ్చి వేరే పెట్టింది.

కాగితం మీద ఎడమ సగం నల్లగా వచ్చింది. డాక్టరు నిరుటి కాగితం పక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఏడాదిలోనే ఇంత పోయిందా? నిరుడే పట్టుకుని ఉంటే సగమన్నా దక్కేది" అన్నాడు. పోశమ్మ చేట పట్టుకుని గుమ్మంలో ఉంది. పోయింది రాదనీ, ఉన్నది నిలుపుకోవాలంటే బతికినన్నాళ్లూ పూటా చుక్కలు వేసుకోవాలనీ, బస్సు మాత్రం ఇక వద్దనీ చెప్పాడు.

ఆ గింజల్ని ఆమె మోరీలో పొయ్యలేదు. కొంగులో కట్టుకుని ఇంటికి తెచ్చి, రెండోసారి రాలినవాటిని సోలలో పోసింది. అంచుదాకా వచ్చింది. చేత్తో అంచుకు సమంగా తలకొట్టి చూసింది. సరిగ్గా సోలెడు. డబ్బాలో పోసి గూట్లో పెట్టింది.

బుగ్గయ్య రెండు నెలలు ఆమెతో మాట్లాడలేదు. చుక్కలు వేసేటప్పుడు మొహం ఎత్తేవాడు, అంతే. రోజూ ఏడూ నలభైకి అతని బస్సు వేరే డ్రైవరుతో గల్లీ చివర హారన్ కొడుతూ పోయేది. ఆ హారన్‌కు అతని కుడికాలు బ్రేకు తొక్కినట్టు నేలను తొక్కేది. కాలేజీ వాళ్లు గేటు దగ్గర కుర్చీ ఇస్తామన్నారు. పోనన్నాడు. తర్వాత పోయాడు.

ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ దినం గాజులెందుకు ఆపినవ్?"

పోశమ్మ ఎడమ పక్కనే నిలబడి ఉంది. ఆమె అక్కడ ఉన్నట్టు అతనికి తెలియదు, ఇంట్లోకి చూసి అడిగాడు.

"నిరుడు ఎందుకు ఆపలేదని అడుగు" అంది.

ఆ మాట వచ్చిన దిక్కుకు అతను మెడ తిప్పాడు. గడ్డం ఎడమ భుజానికి తగిలేదాకా తిప్పితే గాని ఆమె కనబడలేదు. కనబడ్డాక చాలాసేపు చూశాడు. ఆమె చేతులకు గాజులు లేవు. దవాఖానలో గాజు పగిలిన రోజే మిగతావి తీసేసింది.

డిసెంబరులో మళ్లీ పరీక్ష. ఆ పొద్దు పోశమ్మ అత్తగారి సోలను సంచిలో పెట్టుకుని వచ్చింది. త్రివేణి టోపీ బిగించగానే తనే బయటికి పోయి వాకిట్లో కూర్చుంది. లోపల గింజలు రాలుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. ఆగాక చీపురు పట్టుకుని పోయి, మూలమూలలా ఊడ్చి, చేటలోకి ఎత్తి, సోలలో పోసింది. అంచుదాకా వచ్చింది. అరచేత్తో తలకొట్టింది. ఒక్క గింజ కింద పడలేదు, ఒక్క గింజ వెలితి లేదు.

బుగ్గయ్య టోపీ తీసి అడిగాడు. "ఎంత?"

"సోలెడే."

"పెరగలేదా?"

"ఒక్క గింజ గూడ పెరగలే."

అతను నవ్వలేదు. చెయ్యి చాచి, తడుముకుని, ఆమె చేతిలోంచి సోల తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. తను చూడని వెలుగంతా ఒకచోట అట్లా చూశాడు.

బయటికి వచ్చేసరికి కాలేజీ బస్సు హారన్ వినబడింది. రోడ్డు దాటబోతున్నవాడల్లా ఆగాడు. మెడ పూర్తిగా ఎడమకు తిప్పి, బస్సు వచ్చి, తన ముందునుంచి పోయేదాకా నిలబడ్డాడు. తర్వాత ఇంకోసారి తిప్పి చూసి, రోడ్డు మీద కాలు పెట్టాడు.