అన్నదమ్ములని చెప్పిన సినిమా

నాకు నాలుగు వందల గొంతులున్నాయని ఒకప్పుడు థాయ్‌లాండ్ ఈశాన్యాన మా ఈసాన్ పల్లెల్లో చెప్పుకునేవారు. అన్ని లేవు గానీ ఓ నలభై దాకా ఉన్నాయి. హీరో, హీరోయిన్, అత్తగారు, పోలీసు, దయ్యం, గేదె, ఎవరైనా సరే, మైకు ముందు కూర్చుని తెర మీద పెదవులు చూస్తూ నేనొక్కణ్ణే మాట్లాడేస్తాను. ఆరుబయట తెర కట్టి ఊరూరా సినిమాలు ఆడించిన రోజుల్లో నాకు తుమ్మడానికి కూడా తీరిక ఉండేది కాదు. ఇప్పుడు జనం ఎవరి ఫోన్లో వాళ్ళు చూసుకుంటున్నారు. ఇక మమ్మల్ని పిలిచేది మొక్కులవాళ్ళే. కోరిక తీరితే సినిమా వేయిస్తానని ఊరి దేవరకి మొక్కుకుని, ఫోన్లో చూపిస్తానంటే కుదరదు కదా.

నా పేరు ఖంపన్. ప్రొజెక్టరు చూసుకునేవాడు సవాంగ్. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇద్దరం ఒకే బండిలో తిరుగుతున్నాం, ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఒకే దోమతెరలో పడుకుంటున్నాం. ఊళ్ళో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అడగకపోతే చెప్పాల్సిన పనేముందని నా లెక్క.

పోయిన వానాకాలంలో అడిగారు. సవాంగ్‌కి కడుపులో రాళ్ళు తేలితే ఆపరేషన్‌కి పట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళాను. నర్సు కాగితాలు పట్టుకుని వచ్చి, "మీరు పేషెంటుకి ఏమవుతారు?" అంది. నలభై గొంతుల్లో ఒక్కటీ పెగల్లేదు. "నా దగ్గర పనిచేస్తాడు," అన్నాను. అయితే బయట కూర్చోమంది. రోయ్-ఎత్ ఊరి నుంచి సవాంగ్ చెల్లెలు వచ్చి సంతకం పెట్టేదాకా, ఆ తర్వాత మూడు రోజులూ, నేను వరండాలోనే ఉన్నాను. నేనన్న మాట స్ట్రెచర్ మీద పడుకున్నవాడు విన్నాడు.

ఇంటికొచ్చాక రెండు నెలలు ఏమీ అనలేదు. ఓ పొద్దున జిగురన్నం ముద్ద చేసుకుంటూ అన్నాడు.

"పనివాణ్ణేగా నేను? పని మానేస్తున్నా. ఆదివారం చెల్లెలు బండేసుకుని వస్తానంది. శనివారం ఆ కోళ్ళ రంపై మొక్కు సినిమా ఆడించేసి పోతాను."

మాటల మీద బతికేవాణ్ణి. ఉండమని చెప్పడానికి నాకు మాట దొరకలేదు. "సరే, నీ ఇష్టం," అన్నాను. అంత చెత్త డైలాగు నలభై ఏళ్ళలో ఏ విలన్ చేతా చెప్పించలేదు.

శనివారం మధ్యాహ్నం దేవర గుడి ముందు మైదానంలో తెర కడుతుంటే రంపై పరిగెత్తుకుంటూ వచ్చింది. సంత దగ్గర కోళ్ళు కాల్చి అమ్ముతుంది. మనిషి గట్టిదే, ఆ రోజు మాత్రం ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మామా, కొంప మునిగింది! ఆ సినిమా చూశాను రాత్రి."

"బాలేదా?"

"బాగుందో బాలేదో నాకేం తెలుసు, సగం కళ్ళు మూసుకునే చూశాను. ఇద్దరూ మగాళ్ళే మామా! ఒకడు దర్జీ, ఒకడు బస్సు డ్రైవరు. ప్రేమించుకుంటారు!"

తప్పంతా ఆవిడదే. కూతురు పిమ్ నర్సు పరీక్షకి కూర్చున్నప్పుడు, "మా అమ్మాయి పాసైతే దానికి అన్నిటికంటే ఇష్టమైన సినిమా నీకు చూపిస్తా తండ్రీ," అని దేవరకి మొక్కుకుంది. ఆ సినిమా ఏదో కూతుర్ని అడగలేదు. పిల్ల మంచి మార్కులతో పాసైంది. తైవాన్ వాళ్ళ సినిమా ఒకటి తెచ్చి తల్లి చేతిలో పెట్టింది.

"వేరేది వేసేద్దామా? నా దగ్గర మంచి దయ్యాల సినిమా ఉంది," అన్నాను.

"ఇంకా నయం! మొక్కింది మొక్కినట్టే ఇవ్వాలి. మొన్న ఒకాయన కోడిని మొక్కి బాతునిచ్చాడు, ట్రాక్టరు చెరువులోకి పోయింది. సినిమా ఇదే వెయ్యి. మాటలు నీవేగా? వాళ్ళిద్దరూ అన్నదమ్ములని చెప్పెయ్. దేవర పాతకాలం మనిషి, చైనా మాటలు ఆయనకేం తెలుస్తాయి? కింద అక్షరాలు పడినా చదవడు."

తెర తాడు బిగిస్తున్న సవాంగ్ ఇటు తిరక్కుండానే అన్నాడు. "చెప్తాడులేమ్మా. ఆయనకి అలవాటే."

రంపైకి అది అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అయినా ఒప్పుకున్నాను. ఎవరైనా ఏదైనా దాచమంటే సిగ్గు లేకుండా ఒప్పుకోవడం నాకు బాగా వచ్చిన పని.

ఆరున్నరకల్లా జనం చాపలు పరిచారు. గుడి ముందు పంది తల, ఉడికించిన గుడ్లు, ఎర్ర సోడా సీసాలు పెట్టి రంపై అగరొత్తులు వెలిగించింది. ముందు వరసలో మూడు కుర్చీలు ఖాళీగా ఉంచాం, అవి దేవరకీ ఆయన పరివారానికీ. వాటి వెనకే మాలై అవ్వ చాప. ఎనభై మూడేళ్ళు ఆవిడకి. మా సినిమాలన్నీ చూసింది, ఒక్కటీ నోరు మూసుకుని చూడలేదు.

మొదటి అరగంట బాగానే నడిచింది. దర్జీకి బొంగురు గొంతు పెట్టి పెద్దాణ్ణి చేశాను, డ్రైవరుకి లేత గొంతు పెట్టి చిన్నాణ్ణి చేశాను. "అన్నయ్యా, నా చొక్కా కుట్టావా?" "తమ్ముడూ, భోంచేశావా?" జనానికి నచ్చింది. అమ్మానాన్నల్లేని పిల్లలని కూడా ఒక మాట కలిపితే ఆడవాళ్ళు అయ్యో అన్నారు. నన్ను నేనే మెచ్చుకున్నాను.

తర్వాత దర్జీ టేపు తీసి డ్రైవరు ఛాతీ కొలతలు తీసుకోవడం మొదలుపెట్టాడు. తీస్తున్నాడు, ఇంకా తీస్తూనే ఉన్నాడు. డ్రైవరు ఊపిరి బిగబట్టాడు. నేను కంగారుగా, "బాగా చిక్కిపోయావు తమ్ముడూ, కూరలు సరిగ్గా తినడం లేదా?" అని పెట్టాను.

"సొంత తమ్ముడి కొలతలకి అంతసేపా?" అంది మాలై అవ్వ. "మా ఆయన పెళ్ళినాడు కూడా నన్నట్టా చూళ్ళేదు."

చాపల మీద నవ్వులు. సముద్రపు స్క్విడ్లు కాల్చి అమ్మేవాడు, "అన్నగారికి చూపు ఆనదేమో అవ్వా!" అని అరిచాడు. నేనూ నవ్వేశాను. గండం గడిచిందనుకున్నాను.

గడవలేదు. తెర మీద వాన మొదలైంది. బస్సు షెడ్డులో ఇద్దరూ తడిసి నిలబడ్డారు. దర్జీ చెయ్యెత్తి డ్రైవరు ముఖం మీద నీళ్ళు తుడిచాడు, ముద్దు పెట్టుకున్నాడు. ముద్దు దగ్గర గొంతు చెప్పేవాడికి పనేమీ ఉండదు. పెదవులు ఖాళీ లేనప్పుడు మాటేం పెడతాను?

మాలై అవ్వ చాప మీంచి లేచి నిలబడింది.

"ఓరి పాపిష్టి ఖంపన్! ఒక తల్లి కడుపున పుట్టినోళ్ళురా వాళ్ళు! దేవర ముందు ఇదేం పాడు పని చూపిస్తున్నావురా?"

ఇక చూడాలి గోల. ఒకావిడ మనవరాలి కళ్ళు మూసింది. ఇంకొకావిడ, "కాదు కాదు, ఒకణ్ణి పెంచుకున్నారేమోలే," అంది. "మరి ఆ సంగతి ముందే చెప్పాలిగా!" "మామా, ఇద్దర్నీ వేరే వేరే తల్లులకి పుట్టించెయ్, తొందరగా!" రంపై రెండు చేతులతో తల పట్టుకుంది. నేను అన్నదమ్ముల్ని చెయ్యకపోతే అదొక ముద్దు, అంతే. చేశాను కాబట్టి ఊరు ఊరంతా ఘోరం చూస్తోంది. ఆపేద్దామంటే మొక్కు సినిమా మధ్యలో ఆపకూడదు, ఆపితే మొక్కు మళ్ళీ మొదటికొస్తుంది.

పిమ్ నిలబడి గొంతు చించుకుంది. "తాతా, వాళ్ళు అన్నదమ్ములు కాదు, ప్రేమికులు! ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్!"

"అంతేనా?" అంది మాలై అవ్వ. గుండె మీద చెయ్యి వేసుకుని మెల్లగా కూర్చుంది. "ఆ మాట మొదటే చెప్పి చావొచ్చుగా. నా ప్రాణం పోయుండేది. మా అక్క మనవడు కూడా అట్టాంటోడే, బంగారం లాంటి పిల్లాడు."

నేను సవాంగ్ వైపు చూశాను. ప్రొజెక్టరు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నవ్వడం లేదు, కోపంగానూ లేడు. బస్సు కోసం చూసేవాడు ఎలా నిలబడతాడో అలా నిలబడ్డాడు.

తెర మీద దర్జీ ఇంటి యజమానురాలి ముందు కూర్చున్నాడు. ఆవిడేదో అడిగింది. అతను తల దించుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. పెద్ద సీను, పెదవులు ఆగకుండా కదులుతున్నాయి. మధ్యాహ్నం అన్నదమ్ముల మాటలు రాసుకున్న కాగితం పక్కన పడేశాను.

"అతను నా తమ్ముడు కాదండీ," అన్నాను బొంగురు గొంతుతో. "అబద్ధం చెప్పాను. మీకొక్కరికే కాదు, ఆస్పత్రిలోనూ చెప్పాను. నా దగ్గర పనిచేస్తాడని చెప్పాను. నర్సు కొట్టదు, తిట్టదు, కాగితం మీద రాసుకుంటుంది, అంతే. అయినా భయం. నా మనిషి లోపల నొప్పితో మూలుగుతుంటే నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. అన్నం తిన్నాడో లేదో అడగడానికి కూడా నాకు హక్కు లేకుండా చేసుకున్నాను. ఎవరూ చెయ్యలేదు, నేనే చేసుకున్నాను."

ఆ సినిమాలో ఆస్పత్రే లేదు. ఎవరూ పట్టించుకోలేదు. మధ్యలో ఎక్కడో బొంగురు గొంతు జారిపోయి నా సొంత గొంతు వచ్చేసింది. దర్జీ పెదవులు ఆగిపోయాక కూడా నేను రెండు మాటలు ఎక్కువే మాట్లాడాను. స్క్విడ్ల వాడు బొగ్గులు విసురుతున్న విసనకర్ర ఆపాడు.

అక్కణ్ణుంచి ఊరు రెండుగా చీలింది. దర్జీని క్షమించొచ్చా, కూడదా? "భయపడ్డాడు పాపం," అని సగం మంది. "భయపడితే? పక్కనున్నవాడికి భయం లేదా?" అని సగం మంది. "ఆ డ్రైవరు మరీ మెత్తన. నేనైతే ఏడాది పాటు ఒక్క ముక్కా లేని చేపనీళ్ళ పులుసు తప్ప ఇంకేం వండి పెట్టను," అంది రంపై. మొక్కు భయం మర్చిపోయి మొదటి వరసలోకి జరిగింది. మాలై అవ్వ మాత్రం తెగేసి చెప్పింది. "ఇంట్లో ఒంటరిగా క్షమాపణ చెప్పుకుంటే చాలదు. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే దిద్దుకోవాలి."

చివరికి వాళ్ళిద్దరూ ఒకే గిన్నెలో నూడుల్స్ తింటుంటే సినిమా అయిపోయింది. ఆడవాళ్ళు ముక్కులు చీదుకున్నారు. నేను మైకు కింద పెట్టి సవాంగ్ దగ్గరికి వెళ్ళాను.

"ఎట్టా ఉంది?" అన్నాను.

"బాగా చెప్పాడు."

"ఎవరు?"

"దర్జీ."

"చెప్పింది నేను కదయ్యా!"

"నువ్వు వాడి నోటితో చెప్పావు," అన్నాడు. గొంతు పెంచలేదు. "నర్సు అడిగింది వాడి నోరు కాదు."

ప్రొజెక్టరు ఆపడానికి వంగాడు. ఆ వంగడంలో కుట్లు పడిన చోట చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. రేపటి నుంచి ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకుంటాడో నాకు తెలియదు.

సినిమా అయ్యాక దేవరకి అప్పజెప్పడం ఒకటుంటుంది. మొక్కు ఎవరిది, ఆడించింది ఎవరు అని గుడి వైపు తిరిగి మైకులో చెప్పాలి. "ఖంపన్ బృందం," అని ఎప్పుడూ ముగించేస్తాను. జనం చాపలు చుట్టుకుంటున్నారు. నేను గుడి వైపు తిరిగాను. ఏ గొంతు పెట్టాలో తెలియక ఉన్నదే పెట్టాను.

"తండ్రీ, రంపై మొక్కు తీరింది. ఆడించింది ఇద్దరం. నేను ఖంపన్‌ని. ఈయన సవాంగ్. ఈయన నా పనివాడు కాదు. తమ్ముడు కాదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈయనతోనే నా కాపురం. ఇన్నాళ్ళూ చెప్పనందుకు తప్పు నాది. స్వీకరించు తండ్రీ."

చాపలు చుట్టే చప్పుడు ఆగింది. నేను వెనక్కి తిరగలేదు, తిరిగే ధైర్యం లేదు.

"దేవరకి తెలియకేం, మాకే తెలిసినప్పుడు," అంది మాలై అవ్వ. "ఆ దోమతెర చినిగితే కుట్టిచ్చింది నేనే కదా. ఇక మైకు కట్టెయ్ నాయనా, దోమలు పీకేస్తున్నాయి."

ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. చాపలు మళ్ళీ కదిలాయి. రంపై రెండు కాల్చిన కోళ్ళు అరిటాకులో కట్టి నా చేతికిచ్చింది. "మీ ఇద్దరికీ మామా," అంది. ఎప్పుడూ అలాగే అంటుంది. ఆ రోజే నేను విన్నాను.

బండి దగ్గర సవాంగ్ మోచేతి మీద వైరు చుడుతున్నాడు. నేను వెళ్ళి తెర మడత పెట్టసాగాను. ఏదో అడుగుదామని నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. అరిచీ అరిచీ గొంతు పూర్తిగా పోయింది. అప్పుడే అతని ఫోను మోగింది. రెండు చేతుల్లోనూ వైరు ఉండటంతో స్పీకరు నొక్కి బానెట్ మీద పెట్టాడు.

"అన్నా, రేపు ఎన్నింటికి రమ్మంటావు?" అంది చెల్లెలు. "సామాను ఎక్కువుంటే పెద్ద బండి మాట్లాడతా."

సవాంగ్ వైరు చుట్టడం ఆపలేదు. నా వైపు చూడనూ లేదు. నేను తెర కొస గట్టిగా పట్టుకున్నాను.

"రావొద్దులేవే," అన్నాడు.

"అదేంటి? ఏమైంది?"

"మా ఆయనకి గొంతు పోయింది. రేపు ఇంకో ఊళ్ళో మొక్కుంది, పొద్దున్నే అల్లం కాచి పొయ్యాలి."

రేపు మాకు ఏ ఊళ్ళోనూ ఏ మొక్కూ లేదు.