రేకుల గూడు

మార్త నత్తగుల్లల్ని రోట్లో వేసి పచ్చడిబండతో నలగ్గొడుతోంది. ఇంకా ఎండ ఎక్కనేలేదు, కోళ్ళగూటి పైరేకు అప్పుడే చురుక్కుమంటోంది. కంకిపాడు కాలవగట్టున ఏరుకొచ్చిన గుల్లలవి. పొడిచేసి నూకల్లో కలిపితే పెట్టలకు సత్తువ. ఆ సంగతి ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది. ఈ ఇంట్లో ఎవరికైనా చెబుదామంటే వినే చెవి ఏదీ?

ఐదు పెట్టలు. ఐదూ పుట్టింటి నుంచి తెచ్చుకున్న కోడి సంతతే. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఈ గడపలో ఆమె మాట చెల్లింది ఆ గుడ్ల దగ్గరొక్కటే: ఎవరికి పెట్టాలి, వేటిని పొదగెయ్యాలి. ఇప్పుడదీ లేదు. వేసవి మొదలైన దగ్గర్నుంచి గుడ్లు తగ్గి తగ్గి అసలుకే ఆగిపోయాయి.

ఆగవూ మరి! మొగుడు పాల్ ఆటోనగర్‌లో లారీ బాడీలు కడతాడు. చేతికి వెల్డింగు వస్తే చాలు, లోకంలో దేనికైనా రేకు అతికించొచ్చనుకునే రకం. నిక్షేపంలాంటి తడికెల గూడు పీకేసి, షెడ్డులో మిగిలిన రేకులతో, లారీ తలుపుకున్నట్టే గొళ్ళెం పెట్టి కొత్త గూడు కట్టాడు. నీలం రంగేసి, పైన 'దేవుని కృప' అని రాయించాడు. చూసినవాళ్ళంతా ఔరా అన్నారు. లోపల కోళ్ళు నోళ్ళు తెరుచుకుని రొప్పుతుంటే ఒక్కడూ వంగి చూడలేదు.

"ఉడికిపోతన్నయ్యయ్యా. పైన తాటాకు కప్పు, పక్కన గాలికి చిల్లులు పెట్టు" అంది మార్త.

పాల్ నవ్వాడు. "కోళ్ళకి ఏసీ కావాలేంటే? ముసలైపోయినయ్. ఇంక కోసుకు తినటమే."

ఆ నవ్వుకు మార్తకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇక అతన్ని అడగలేదు. రాత్రిళ్ళు కోళ్ళను మునగచెట్టు కింద గంపల్లో కమ్మింది. మట్టిచిప్పలో చల్లటి నీళ్ళు మార్చి మార్చి పోసింది. పేలు పోవాలని బూడిదలో పొర్లనిచ్చింది. వారం తిరిగేసరికి, ఐదింట్లో రంగురంగుల ఈకలున్న కక్కెరపెట్ట జుట్టు ఎర్రబడింది. గుడ్డు పెట్టే చోటు కోసం మూలమూలలా వెతుక్కుంటోంది.

"అత్తా, కక్కెర ఇయ్యాలో రేపో పెట్టుద్ది. దాని జోలికి ఎవర్నీ రానియ్యమాక" అని అమలమ్మకు చెప్పి, మార్త చెరుకుతోటలో కలుపుకు పోయింది.

రోజంతా వంచిన నడుం ఎత్తలేదు. ఈసారి మొదటి గుడ్డు మొగుడికీ పెట్టదు, అత్తకూ పెట్టదు. తనే ఉడకబెట్టుకుని తింటుంది. ఆ ఇంటికొచ్చాక ఆమె అలా అనుకోవడం అదే మొదలు.

సాయంత్రం వచ్చేసరికి వాకిట్లో మోటారుసైకిలుంది. పాల్ పనిచేసే షెడ్డు మేస్త్రీ కుర్చీలో కూర్చుని విసురుకుంటున్నాడు. పెరట్లో అమలమ్మ చుట్టూ కక్కెర ఈకలు.

"మేస్త్రీగారు భోజనానికొచ్చారంట. వాడు నా మాట విన్నాడా?" అంది అమలమ్మ తలెత్తకుండా. "కడుపునిండా గుడ్లేనే మార్తా."

పాల్ వచ్చి తొంగిచూశాడు. "అరె, గుడ్ల మీదుందా? ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా."

మార్త గొంతు పెంచలేదు.

"చెప్పా. ఎండాకాలమంతా చెప్తానే ఉన్నా. కోళ్ళని ముసలియ్యన్నావ్. నన్నేమో మనిషే కాదనుకున్నావ్."

మిగిలిన నాలుగు పెట్టల్నీ గంపలో పెట్టి, పాత చీర కప్పి నెత్తికెత్తుకుంది.

"యాడికే?"

"మా చెల్లెలింటికి."

"మేస్త్రీగారున్నారే. కూరెవరు వండుతారు?"

"కోసినోడు వండుకుంటాడు."

వీధి మలుపు తిరిగేదాకా ఆమె వెనక్కి చూడలేదు. పాల్ పిలవనూ లేదు. అమలమ్మ చెయ్యి కడుక్కుని లోపలికి పోయింది. రోలు పక్కన సత్తుపళ్ళెంలో పచ్చటి సొనలు, రేగుపండంతది, శనగగింజంతది, ఆవగింజంతది; వాటి మధ్య పెంకు కట్టిన నిండు గుడ్డొకటి, తెల్లారితే పెట్టాల్సింది.