ఆరు గంటల రీడింగు

షాహీనాకి ఉద్యోగం వచ్చిన రోజున వాళ్ళ నాన్న అబ్దుల్లా తిరువూరు బజార్లో తన తాళ్ళ కొట్టు మధ్యాహ్నమే కట్టేసి ఇంటికొచ్చాడు. తాతల నాటి నుంచీ గోగునార తాళ్ళు పేనిన ఇల్లు వాళ్ళది. ప్లాస్టిక్ తాడు వచ్చాక కొట్లో ముప్పాతిక భాగం అదే ఆక్రమించింది. అలాంటిది, గవర్నమెంటువాళ్ళే గోగునార మీద పరిశోధన చేయిస్తున్నారని, అందులో తన కూతురికి పని దొరికిందని వినేసరికి ఆయనకి కొట్లో కూర్చోబుద్ధి కాలేదు.

గోగు కట్టల్ని నీళ్ళలో ఊరేస్తేనే నార ఊడొస్తుంది. కానీ ఆ నీళ్ళు కుళ్ళి నల్లబడతాయి, చేపలు చచ్చిపోతాయి. అందుకే చుట్టుపక్కల చెరువుల్లో గోగు ఊరెయ్యనివ్వడం ఎప్పుడో మానేశారు, రైతులు ఆ పంటే మానేశారు. ఇప్పుడు కొత్తగా ఒక పొడి తయారైంది. అది చల్లితే కట్టలు మామూలుగా పట్టే రోజుల్లో సగానికే ఊరతాయనీ, నీళ్ళు అంతగా పాడవవనీ ల్యాబులో తేలింది. కుంటలో ఏమవుతుందో చూడాలి. పెనుగొలను దగ్గర అంకారావు అనే రైతు, చేపలు పెంచుకునే తన కుంటని ధైర్యం చేసి ఇచ్చాడు. పరిశోధన నడిపే ప్రమీలారాణి మేడమ్ వారానికోసారి వస్తారు. మిగతా రోజులన్నీ షాహీనావే.

మొదటి రోజే మేడమ్ గట్టు మీద నిలబెట్టి చెప్పారు.

"పగలంతా నాచు ఎండకి నీళ్ళలోకి ఊపిరి వదులుతుంది. పొద్దుగూకాక అదే పీల్చుకుంటుంది. తెల్లారేసరికి నీళ్ళలో ఊపిరి అడుగంటుతుంది. చేప బతికేదీ చచ్చేదీ అప్పుడే. నువ్వు ఆరింటికి ఈ ఊపిరి కొలిచే మీటరు ముంచాలి. పదింటికి ముంచితే ఏ కుంటైనా ఆరోగ్యంగానే కనపడుతుంది. అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్."

బియ్యెస్సీ చదివిన పిల్లకి అర్థం కాకపోవడానికి అందులో ఏముంది? ఎనిమిది రోజులు తొలి ఆటో పట్టుకుని ఆరింటికల్లా గట్టు మీద ఉంది. తొమ్మిదో రోజున వాళ్ళమ్మ ఖతీజాబీ నాచు పట్టిన గచ్చు మీద జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. అమ్మకి మొహం కడిగించి, అన్నం తినిపించి, మందులు వేసి బయల్దేరేసరికి తొమ్మిదిన్నర దాటేది. కుంట చేరేసరికి పది. మీటరులో అంకె ఐదు పైనే చూపించేది. కాగితంలో టైము గడిలో మాత్రం ఆరు అని రాసింది. అంకె నిజమైనదే కదా, టైమే కదా తేడా అనుకుంది. అలా మూడు రోజులు.

నాలుగో రోజున ఆమె వెళ్ళేసరికి గట్టు నిండా జనం. బొచ్చె, శీలావతి చేపలు తెల్లటి పొట్టలు పైకి తేలి, కుంటంతా పరుచుకుని ఉన్నాయి. అంకారావు మోకాలి లోతు నీళ్ళలో, చేతిలో ఒక చేపతో కదలకుండా నిలబడి ఉన్నాడు.

"అమ్మాయ్, మీ పొడి వల్లేనా ఇది?" అన్నాడు.

ఆయన గట్టెక్కి, ఆమె చేతిలోని కాగితం తనే తీసుకుని చూశాడు. మూడు రోజుల వరసల్నీ వేలు పెట్టి చదివాడు.

"ఐదు... ఐదు పైన... నాలుగుకి తగ్గితే కదా భయం అన్నారు మేడమ్ గారు. అంటే నీళ్ళు బాగానే ఉన్నాయి. మరి విషం ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?"

అందరి చూపూ పై మడి వైపు తిరిగింది. కుంటకి ఎగువన మిరపచేను. దాన్ని కౌలుకి చేసేది రిబ్కా. భర్త పోయాక ఒంటి చేత్తో సేద్యం నెట్టుకొస్తున్న మనిషి. రెండు రోజుల క్రితమే పురుగుమందు కొట్టింది. ఆమె కూడా ఆ జనంలోనే ఉంది.

"డబ్బా ఎక్కడ కడిగావే?" అంకారావు గొంతు చించుకుని అరిచాడు.

"బోరు కాడ కడిగానండి. మీ కుంటలో నేనెందుకు కడుగుతాను?"

"కాగితం అబద్ధం చెబుతుందా? రేపే మీ ఆసామిని పిలిపిస్తాను. ఈ చేలో నువ్వింక అడుగు పెట్టవు."

రిబ్కా చుట్టూ చూసింది. షాహీనా కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

వెళ్ళిపోబోతుంటే అంకారావు భార్య సుబ్బాయమ్మ దగ్గరికొచ్చి, మెల్లగా అంది, "కొర్రమీనులు మాత్రం చావలేదమ్మాయ్. పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. విషమైతే వాటిని మాత్రం వదులుతుందా?"

షాహీనా అక్కడే ఆగిపోయింది. కొర్రమీను పైకొచ్చి గాలి పీలుస్తుంది. నీళ్ళలో ఊపిరి లేకపోయినా బతుకుతుంది. మిగతావి బతకవు. కుంటకి విషం తగల్లేదు, ఊపిరాడలేదు. అది మూడు రోజుల ముందే తెలియాల్సిన సంగతి. కట్టలు పైకి లాగించి, బోరు నీళ్ళు వదిలి ఉంటే చేపలు దక్కేవి.

సాయంత్రం కొట్లో తండ్రి పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది. అబ్దుల్లా చేతిలో పని ఆపాడు.

"నిజం చెబితే ఉద్యోగం పోతుంది అబ్బా," అంది షాహీనా.

"పోతుంది."

"ఆ రిబ్కా గారికి పిల్లలున్నారో లేదో కూడా నాకు తెలీదు."

"తెలుసుకోకు. తెలుసుకుంటే జాలిపడి చెప్పినట్టవుతుంది. తప్పు రాశావు కాబట్టి చెప్పు."

మర్నాడు పదింటికి పంచాయతీ ఆఫీసు వరండాలో అందరూ చేరారు. మిరపచేను ఆసామి కుర్చీలో, అంకారావు బల్ల మీద, రిబ్కా స్తంభం పక్కన నిలబడి. ప్రమీలారాణి మేడమ్ కూడా వచ్చారు. అంకారావు కాగితం అడిగాడు. షాహీనా ఇవ్వకుండా లేచి నిలబడింది.

"ఈ మూడు రోజులూ నేను ఆరింటికి రాలేదండి. పదింటికొచ్చి కొలిచి, ఆరని రాశాను. ఆ అంకెలు పనికిరావు. చేపలు ఊపిరాడక పోయాయి, విషం వల్ల కాదు. రిబ్కా గారి మందుకీ దీనికీ సంబంధం లేదు."

మేడమ్ మొహం ఎర్రబడింది. కాగితం తీసుకుని ఆ మూడు వరసల మీదుగా అడ్డంగా గీత గీశారు. కింద తన సంతకం పెట్టి, షాహీనా చేతా పెట్టించారు.

అంకారావు తన అరచేతులకేసి చూసుకున్నాడు. "ఆ పొడి నేనే నా చేత్తో చల్లాను కదమ్మా," అన్నాడు, ఎవరికో చెబుతున్నట్టు. తర్వాత రిబ్కా వైపు తిరిగాడు గానీ బల్ల దిగలేదు. సుబ్బాయమ్మే వెళ్ళి, "తప్పయిపోయింది రిబ్కా" అంది. ఆసామి కౌలు కదిలించనని చెప్పి లేచిపోయాడు.

మెట్ల దగ్గర రిబ్కా షాహీనాకి ఎదురు నిలబడింది. దణ్ణం పెడుతుందేమోనని భయపడింది షాహీనా. పెట్టలేదు.

"నిన్న అంతమందిలో నన్నన్నప్పుడు నువ్వక్కడే ఉన్నావు కదమ్మా. నిన్న ఎందుకు చెప్పలేదు?"

రిబ్కా కాసేపు చూసి, చేనికి వెళ్ళిపోయింది.

ఆ వారంతోనే ఉద్యోగం అయిపోయింది. నార మాత్రం తెల్లగా, పట్టులా వచ్చిందని మేడమ్ ఫోన్లో చెప్పారు. కానీ నిలవ నీళ్ళలో ఈ పొడి వాడితే చేపలకి ముప్పేనని, మూడు రోజుల కొలతలు లేవని, ఎందుకు లేవో కూడా రిపోర్టులో రాసి పంపారట. వచ్చే ఏడు కుంటలో కాకుండా సిమెంటు తొట్టెలో ఊరేసి, ఆ నీళ్ళని పొలానికి పారించి చూస్తారు. కుంట మళ్ళీ ఇవ్వనన్న అంకారావు, తొట్టి కట్టుకోవడానికి గట్టు పక్కన జాగా మాత్రం ఇచ్చాడు.

"నిన్ను తీసుకోలేను షాహీనా," అన్నారు మేడమ్. "కొత్తమ్మాయికి ఒక్కరోజు వచ్చి చూపిస్తావా?"

ఏడాది తిరిగాక విస్సన్నపేట నుంచి మేఘన అనే అమ్మాయి వచ్చింది. షాహీనా తొలి ఆటోలో వెళ్ళింది. పై మడిలో రిబ్కా మిరపనారు నాటిస్తోంది. తలెత్తి ఇటు చూసింది, మళ్ళీ వంగింది. పలకరించలేదు.

మేఘన తొట్టెలో మీటరు ముంచి, అంకె కనపడగానే పెన్ను తీసింది.

"ఆగు," అంది షాహీనా. "ఇంకా దిగుతోంది."

ఇద్దరూ ఆ అంకెని చూస్తూ నిలబడ్డారు. అది నెమ్మదిగా దిగి, దిగి, ఒకచోట ఆగింది.