మెట్లలో పట్టని కడుపు

పొద్దున్నే లేవగానే మియెన్ గోడలు చూసుకుంటుంది, ఆ తర్వాతే పొయ్యి వెలిగిస్తుంది. మోచెయ్యి ఒక గోడకు ఆనించి రెండో చెయ్యి చాపితే వేళ్లు ఎక్కడిదాకా వెళ్తాయో అదే ఆమెకు కొలత. హైఫాంగ్ రేవు వెనకాల ఆ సందులో ఇళ్లన్నీ పొడుగ్గా, సన్నగా, ఒకదాని భుజం ఒకటి ఆనుకుని ఉంటాయి. ఇంట్లో సామాను పేరుకునేకొద్దీ గోడలు దగ్గరకు జరుగుతాయి. ఏటా కొత్త ఏడాది తెత్ పండక్కి ముందు పనికిరానివి పారేసి ఇల్లు కడుక్కుంటే వెనక్కి జరుగుతాయి. సందులో వాళ్లకు ఇది పంది మాంసం ధర లాంటి సంగతే. “మీ ఇల్లు ఈ ఏడు ఎంత ముడుచుకుంది?” అని అడుగుతారు. “జానెడు” అని జవాబు చెప్పి ఎవరి దారిన వాళ్లు పోతారు.

మియెన్ ఇల్లు మాత్రం ముడుచుకోవడమే గాని విచ్చుకోవడం మానేసి చాలా ఏళ్లయింది. ఆమె ఏదీ పారేయదు. సైకిలు ట్యూబులు, ఖాళీ డబ్బాలు, ప్లాస్టిక్ సంచులు కుక్కిన ప్లాస్టిక్ సంచులు, మొగుడు పోయినా మిగిలిన అతని టోపీలు.

పారేయమని చెప్పడానికేం, నోరు కదిపితే చాలు. యుద్ధం నాటి రేషన్ రోజుల్లో వరసలో తన బదులు ఇటుక పెట్టి పిల్లకు గంజి పట్టడానికి ఇంటికి పరిగెత్తి, తిరిగొచ్చేసరికి ఆ ఇటుకను ఎవరో కాలితో తన్నేసి ఉంటే, అక్కడే కూలబడి ఏడ్చిన మనిషి మియెన్. ఆమె ముందు నిలబడి “ఇదెందుకమ్మా, పారెయ్” అనాలంటే గుండె ఉండాలి. కొడుకు డాంగ్‌కు ఆ గుండె లేదు. ఓడల కార్ఖానాలో ఇనుము కరిగించి అతికేవాడు, తల్లి దగ్గర మాత్రం పిల్లి.

కోడలు క్వెన్‌కు నెల తప్పిందని తెలిసిన దగ్గర్నుంచి మియెన్ మరీ రెచ్చిపోయింది. పాత దుప్పట్లు చింపి పొత్తిగుడ్డలు చేసింది. బియ్యం బస్తాలు, పంచదార, సబ్బులు, బొగ్గు ఇంట్లోకి చేరవేసింది.

“బొగ్గెందుకమ్మా, గ్యాసుంది కదా?” అని డాంగ్ నసిగాడు.

“గ్యాసు నీ మామ పంపిస్తాడా, రాకపోతే?”

మూట వచ్చినప్పుడల్లా గోడ ఒక వేలు జరిగింది. మేడమీద పడుకుని ఉన్న క్వెన్ ఆ చప్పుడు లేని కదలికను గమనిస్తూనే ఉంది. ఆమె నెమ్మదస్తురాలు, అత్తగారిని ఎదిరించి ఎరగదు. అయినా ఒకరోజు పైనుంచి అంది, “అమ్మా, నాకు కిందికి దిగడం కష్టమవుతోంది.”

“బలహీనత. గుడ్డు తిను” అంది మియెన్.

ఏడాది ఆఖరి రోజు మధ్యాహ్నం క్వెన్‌కు నొప్పులు మొదలయ్యాయి.

డాంగ్ టాక్సీకి ఫోన్ చేసి సందు మొగలో నిలబెట్టించాడు. క్వెన్ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. సగానికి వచ్చి ఆగిపోయింది. ముందు కడుపు ఒక గోడకు, వెనక వీపు ఇంకో గోడకు. తిరగబోతే ఇంకా బిగిసింది.

“పైకెళ్లు, కిటికీలోంచి దించుతాను” అన్నాడు డాంగ్.

“ఏ కిటికీ? గోడతోపాటే ముడుచుకుని పళ్లెమంత అయింది. నీ తల పెట్టి చూడు” అంది క్వెన్. నొప్పిలో ఆమె గొంతుకు మొదటిసారి పదును వచ్చింది.

సందులోకి చెత్తబండి గంట వినిపించింది. ఏడాదికి అదే ఆఖరి బండి. అది వెళ్లిపోతే పండగ రోజులు దాటేవరకు చీపురు పట్టరు. కొత్త ఏడాది మొదట్లో ఊడిస్తే అదృష్టం కూడా చెత్తతో పోతుందని భయం. లోపల మిగిలింది లోపలే.

ఎదురింటి బిక్ చేతులకు సబ్బు నురగతోనే పరిగెత్తుకొచ్చింది. మెట్లకేసి చూసింది, మియెన్‌కేసి చూసింది.

“ఏం చూస్తున్నావక్కా? పట్టు అటుపక్క!”

అందరూ మోతలో పడ్డారు. మాట్లాడింది బిక్ ఒక్కతే. “ఇవేంటి, గొడుగు ఊసలా? బట్టేది?”

“వేరే మూటలో ఉంది.”

“గొడుగుకు కూడా కాపురాలు వేరు చేశావా తల్లీ!”

బస్తాలు, డబ్బాలు, ట్యూబులు చేతులు మారి సందులో పడ్డాయి. బండి నడిపే ఆవిడ ముందు సణిగింది, తర్వాత సంగతి తెలిసి తనూ లోపలికి వచ్చి బొగ్గు బస్తా భుజాన వేసుకుంది. డాంగ్ మంచాన్ని ముక్కలు చేసి మోశాడు. పొత్తిగుడ్డల మూట వెళ్తుంటే మియెన్ చెయ్యి దాని మీదకు ఒకసారి సాగింది, ఆగింది. మూట వెళ్లిపోయింది.

గోడలు రెండు వేళ్లు జరిగి నిలిచిపోయాయి.

“అమ్మా!” మెట్ల మీంచి క్వెన్ పిలిచింది. “ఊపిరి అందట్లేదు.”

నేల మీద ఒక స్టూలు తప్ప ఏమీ లేదు. బిక్ ఆయాసపడుతూ చుట్టూ చూసింది. “ఇంకేం మిగిలిందక్కా?”

డాంగ్ కళ్లు మెట్ల పక్కనున్న గూటి వైపు పోయాయి. పెద్దల పీఠం అందులోనే ఉంది. తాత పటం, నాన్న పటం, వాటి ముందు అగరుపుల్లల మొదళ్లు గుచ్చిన బూడిద గిన్నె. దాని వెనక చీకట్లో ఏముందో అతనికి తెలుసు. చిన్నప్పుడు ఒకసారి ముట్టుకోబోతే తల్లి కొట్టిన దెబ్బ ఇంకా గుర్తుంది.

“అటు చూడకు” అంది మియెన్.

ఆ గిన్నె వెనక ఒక పాలడబ్బా ఉంది, చక్కెర వేసి చిక్కగా కాచిన పాలు, సీలు తియ్యనిది. డాంగ్ కంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టింది. ముద్దుగా బొంగ్ అని పిలిచేవాళ్లు. మియెన్‌కు పాలు ఇంకిపోయాయి. తిండి లేని ఒంట్లో పాలెక్కడివి? చీటీ మీద రావాల్సిన డబ్బా కోసం ఆమె వరసలో నిలబడుతూనే ఉంది. డబ్బా చేతికొచ్చిన సాయంత్రానికి బొంగ్‌ను పూడ్చి మట్టి కూడా ఆరింది. ఎవరి మీద అరవాలి? చీటీ ఇచ్చినవాడి మీదా, బాంబు వేసినవాడి మీదా? ఆమె ఎవరి మీదా అరవలేదు. డబ్బాను తెచ్చి గిన్నె వెనక పెట్టింది. అంత చిన్న బిడ్డకు పీఠం మీద పటం పెట్టరు, పేరు చెప్పి పిలవరు. ఆ డబ్బాయే బొంగ్‌కు పీఠం.

వంటింటి దేవుళ్లు స్వర్గానికి వెళ్లే రోజున, పోయిన వారమే, ఆమె పీఠం తుడిచింది. గిన్నెను కదపడానికి ఏడాదికి అదొక్కటే రోజు. ఆ రోజు కూడా డబ్బాను తుడిచి అక్కడే పెట్టింది. ఇప్పుడు గూడు ముడుచుకుని డబ్బా గోడకూ గిన్నెకూ మధ్య ఇరుక్కుపోయింది. గిన్నెను జరపకుండా అది రాదు.

బిక్ కూడా గొంతు తగ్గించింది. “అక్కా, ఇవాళ గిన్నె కదపకూడదు. కదిపితే పోయినవాళ్లకు తమ చోటు తెలీకుండా పోతుంది. వెళ్లిపోతారు.”

“నాకు తెలీదా?”

మెట్ల మీద క్వెన్ మూలిగింది. ఆ మూలుగు మధ్యలో తెగింది. బయట గంట మోగుతూ దూరమైంది. బండి కదిలింది.

మియెన్ స్టూలు ఎక్కింది. డాంగ్ పట్టుకోబోయాడు, విదిలించింది. రెండు చేతులతో గిన్నెను పట్టుకుంది.

“బొంగ్, నేనేనే, అమ్మని” అంది. “అప్పుడు ఆలస్యం చేశాను. మళ్లీ ఆలస్యం చెయ్యమనకు.”

గిన్నె జరిగింది. బూడిద ఆమె చేతుల మీద పడింది. డబ్బా ఊడొచ్చింది. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. స్టూలు దిగి, చెప్పుల్లేకుండా సందులోకి పడి, వయసు మరిచి పరిగెత్తింది. పండగ పీచ్ పూల కొమ్మలు మోసుకెళ్లేవాళ్లు పక్కకు తప్పుకున్నారు.

“ఆగమ్మా! ఆగు!”

మలుపు దగ్గర బండి ఆగింది. ఆవిడ డబ్బాను చేతిలో తూచింది. “ఇది నిండుగా ఉందే, అవ్వా.”

“నిండుగానే ఉంది. తీసుకెళ్లు.”

ఆవిడ దాన్ని బండిలో వేసింది. వెనక ఇంట్లో గోడలు జరిగిన చప్పుడేమీ కాలేదు. క్వెన్ పెద్దగా ఊపిరి పీల్చిన చప్పుడొక్కటే డాంగ్ విన్నాడు. ఆ తర్వాత ఆమె మెట్లు దిగివచ్చింది, ఏ గోడా ముట్టుకోకుండా.

దీపాలు పెట్టే వేళకు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. నర్సు తలుపు తీసి, “గుడ్డలేవి?” అంది.

డాంగ్ తల్లి మొహం చూశాడు. అన్నీ బండెక్కి పోయాయి.

“బిడ్డ పుడుతుందని తెలిసే వచ్చారా, దారిలో తెలిసిందా?” నర్సు విసుక్కుంది.

మియెన్ తను తొడుక్కున్న దూది కోటు విప్పి ఇచ్చింది. చలికి పళ్లు కొట్టుకుంటున్నా, పిల్లను అందులో చుట్టేదాకా కన్నార్పకుండా చూసింది.

మూడో నాడు ఇంటికి వచ్చారు. తలుపుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. కొత్త ఏడాదిలో ఇంకా ఎవరూ ఆ గడప తొక్కలేదు. మొదట తొక్కినవాళ్లను బట్టే ఆ ఇంటి ఏడాది నడుస్తుంది.

బిక్ అడ్డం వచ్చింది. “ఆగక్కా, మా ఆయన్ను పిలుస్తాను. ఈ మధ్య కలిసొస్తోంది ఆయనకు. ముందు ఆయన తొక్కుతాడు.”

మొగుడు పోయినప్పటి నుంచి మియెన్ తెత్ మొదటి రోజుల్లో ఎవరింటికీ వెళ్లదు, తన అపశకునం వాళ్లకు అంటకూడదని. కోటులోని పిల్లకేసి చూసింది.

“మీ ఆయన్ను ఇంట్లోనే పడుకోనీ” అంది. “మాకు మనిషి దొరికింది.”

కోటు మడతలు తొలగించి, గడప దగ్గర వంగి, ఆ ఎర్రటి చిన్న పాదాలను నేలకు తాకించింది. చల్లగా తగిలిందేమో, పిల్ల గుక్కపెట్టింది. ఆ ఏడుపు ఖాళీ ఇల్లంతా తిరిగింది, ఏ గోడకూ తగలకుండా, మేడమీది దాకా.

క్వెన్ కంగారుగా చేతులు చాపింది. డాంగ్ తల్లి వైపు చూశాడు. సందులో ఏ పసిపిల్ల ఏడ్చినా తల్లి మొహం ఎలా మారిపోతుందో అతను పుట్టినప్పటి నుంచి ఎరుగును.

మియెన్ పిల్లను కోడలి చేతుల్లో పెట్టింది.

“ఆకలేసిందే దానికి” అంది.

ఆ మాట ఆమె నవ్వుతూ అనడం డాంగ్ అంతకుముందు ఎప్పుడూ వినలేదు.