అల్మారా కింది బేరం

అల్మారా కింద బిగించిన టోస్టర్ ఓవెన్‌లోంచి మొదటి బ్రెడ్డు ముక్క బయటికి రాగానే వంటగది కిటికీ పోతుంది. సన్యాసమ్మ ముక్క కొరికి చూస్తుంది. అంచులు కరకరలాడుతున్నాయి, నడిమి మెత్తగా ఉంది. కిటికీ ఉన్న చోట గోడ ఉంది. గోడ కూడా సమంగా కాలింది, ఎక్కడా మాడలేదు.

"గాలాడ్డం నేదేటి?" అంటాడు వెనక నుంచి ఆమె మొగుడు గవరయ్య.

"కిటికీ పోయింది."

"ఎంతకి?"

పశువుల సంతలో బేరాలు కుదిర్చే సన్యాసమ్మకి ఆ మాట ములుగర్రలా గుచ్చుకుంటుంది. వస్తువు చెయ్యి మారడంలో తప్పు లేదు. ఎంతకి మారిందో తెలియకపోవడమే తప్పు.

ఆ ఓవెన్‌ను ఆమె ముచ్చటకి కొనలేదు. వంటగది గట్టంతా గవరయ్య తల్లి సామానే. ఇత్తడి బిందెలు, కంచు గిన్నెలు, రాతిచిప్పలు, అడుగు ఊడిన గంగాళం. అత్త పోయి చాలా కాలమైంది, ఆమె సామాను మాత్రం కాపురం చేస్తూనే ఉంది. ఒక్క గిన్నె పక్కకి జరిగినా గవరయ్య నిద్రలో ఉన్నా లేచి, "మా యమ్మది. కదపకు," అంటాడు. సన్యాసమ్మ కూరలు నేల మీద తరుక్కుంటుంది. ఆ నేల మీదా అత్త పీటలున్నాయి, గోడలకి అత్త జల్లెడలున్నాయి. ఇల్లంతా కళ్లతో కొలిచి చూసుకుంటే ఎవరికీ చెందని చోటు ఒక్కటే తేలింది. పై అల్మారా అడుగు. అక్కడ గాలి తప్ప ఎవరూ లేరు. అందుకని ఎక్కడా ఆనకుండా పైనుంచి వేలాడే ఓవెన్ తెచ్చుకుంది.

బిగించడానికి వచ్చిన కుర్రాడు గురువులు అల్మారా అడుగున నాలుగు బెజ్జాలు వేశాడు. ఓవెన్‌ను ఎత్తి మరలు తిప్పాడు.

"అప్పా, కర్రకీ దీనికీ మద్దిన రెండు వేళ్ల సందు ఒగ్గీసేను. ఏడి పోవాల గదా. అందులో ఏటీ ఎట్టీకు."

"అంత సందు ఉత్తినే ఒగ్గీడమేటి, తమ్మూ?"

"ఉత్తినే ఉండడమే దాని పని."

సందు సరిపోయిందో లేదో సన్యాసమ్మ రెండు వేళ్లు దూర్చి చూసుకుంది. అప్పుడు ఆమె భుజం మీది తువ్వాలు జారి చేతి మీద పడింది. ఆమె తీసి మళ్లీ భుజాన వేసుకుంది. అంతకుమించి ఏమీ జరగలేదు.

ఇప్పుడు రెండో ముక్క కాలుతుంది, వీధి మెట్లు పోతాయి. పాల కోసం వెళ్లబోయిన గవరయ్య గడపలోంచి కిందికి చూసి వెనక్కి వస్తాడు. వస్తూనే అందుకుంటాడు.

"రొట్టి ముక్క కోసం అల్మారాకి ఏనుగుని ఏలాడగట్టీసేవు. రేప్పొద్దున ఊడిపోనాదంటే మా యమ్మ బిందెల మీద..."

ఓవెన్ టింగుమంటుంది. మూడో ముక్క బయటికి వస్తుంది. గవరయ్య నోరు ఆడుతూనే ఉంది కానీ మాట లేదు. ఆ మాట ఓవెన్ అద్దం వెనక నుంచి, నూతిలోంచి వచ్చినట్టు, "బిందెల మీద, బిందెల మీద," అంటోంది.

కాసేపు ఇల్లు హాయిగా ఉంటుంది. సన్యాసమ్మ ఆ హాయిని చేత్తో ఎత్తి చూసినట్టు చూస్తుంది. పైకి నిగనిగలాడుతోంది, లోపల గుల్ల. ఎదురు చెప్పలేని మనిషి మీద గెలిచినా అది సరుకు కాదు. పైగా ఆ గొంతు ఆమె ఇన్నేళ్లుగా తగువులు పెట్టుకుని పదును పెట్టినది. అంత పనితనం ఉన్న గొంతును ఊరికే పోనివ్వడానికి ఆమె చెయ్యి ఒప్పుకోదు.

గవరయ్య ఓవెన్‌ను చూపించి, మర విప్పినట్టు వేళ్లు తిప్పుతాడు. కళ్లలో నీళ్లున్నాయి.

పై అల్మారా తలుపు తెరుచుకుంటుంది. పచ్చడి జాడీల మధ్య నుంచి గురువులు తల బయటికి పెడతాడు. మెట్లు లేవు కనుక అతను ఆ దారిన వచ్చాడు.

"విప్పీమంటావా అప్పా? విప్పీసేనంటే పోయినవన్నీ వొచ్చీస్తాయి. కిటికీ, మెట్లు, మావ మాట. బెజ్జాలు కూడా పూడ్చీస్తాను. ఎప్పట్లాగే అయిపోద్ది."

"ఎప్పట్లాగే అంటే, నా చోటెక్కడ?"

గురువులు ఆలోచిస్తాడు. "ఎప్పట్లాగే," అంటాడు.

"అలగైతే విప్పీకు. మావ మాట నాను రాబడతాను."

గవరయ్య నెత్తి కొట్టుకుంటాడు. చప్పుడు రాదు.

సన్యాసమ్మ భుజం మీది తువ్వాలు తీసి దులుపుతుంది. అది ఆమె తండ్రిది. సంతలో బేరం నోటితో ఆడరు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాలు కింద చేతులు కలుపుతారు. ఎన్ని వేళ్లు ఇస్తే అంత ధర. చుట్టూ ఉన్నవాళ్లకి తువ్వాలు కదలడం తప్ప ఏమీ కనబడదు. ఆ గుడ్డ మడతల్ని చూస్తూ ఉండగా ఆమెకి సంగతి అర్థమవుతుంది. సందులో రెండు వేళ్లు దూర్చిన చెయ్యి ఆమెది. దాని మీద పడిన తువ్వాలూ ఆమెదే. ఏ సంతలోనైనా దాన్ని బేరం అనే అంటారు. ఓవెన్ దొంగతనం చేయలేదు. ఆమె ఇవ్వజూపింది, అది తీసుకుంటోంది.

కానీ కుదిరిందని ఎవరూ చేతిలో చెయ్యి వేసి కొట్టలేదు. కొట్టేదాకా బేరం బతికే ఉంటుంది.

ఆమె తువ్వాలు కప్పుకుని సందులోకి చెయ్యి పెడుతుంది. లోపల ఇంకో చెయ్యి సిద్ధంగా ఉంది. ఎర్రగా కాలిన తీగల్లాంటి వేళ్లు, కానీ చుర్రుమనవు. పాలు తాగే దూడ నోరంత వెచ్చగా ఉన్నాయి. అది ఆమె రెండు వేళ్లూ పట్టుకుంటుంది. ఆమె ఒకటి లాక్కుంటుంది. అది ఆమె చేతిని మొత్తంగా, మణికట్టు దాకా పట్టేసుకుంటుంది.

ఇల్లంతా కావాలంటోంది.

గవరయ్య వద్దు వద్దని తల ఊపుతూ పెద్ద బిందెను కౌగిలించుకుంటాడు. సన్యాసమ్మకి మాత్రం నవ్వొస్తుంది. పశువు పళ్లు చూడకుండా, నడిపించకుండా ఒకేసారి చెయ్యంతా పట్టేసేవాడు సంతకి కొత్తవాడు. కొత్తవాడికి ఎప్పుడూ ఔననాలి. ఔనన్న తర్వాత అసలు మాట చెప్పాలి.

ఆమె ఆ చేతిలో చెయ్యి వేసి కొడుతుంది. గోడల నిండా ఆ చప్పుడు పాకుతుంది. ఇల్లు అమ్ముడైపోయింది.

"కుదిరిపోనాది. ఇల్లు నీది," అంటుంది తువ్వాలు తీస్తూ. "పలుపు నాది."

ఓవెన్ టింగుమనదు.

"పశువునిస్తాం గానీ పలుపివ్వం. కట్టుకునే తాడు కొన్నోడు తెచ్చుకోవాల. తెచ్చుకున్నావా?"

ఓవెన్‌కి ఉన్నది ఒక్కటే నల్లటి తీగ. సన్యాసమ్మ గోడలోంచి ప్లగ్గు పీకి, ఆ తీగను పిడికిలికి రెండు చుట్లు చుట్టుకుంటుంది. అమ్ముడైన ఇల్లూ, కొన్న ఓవెనూ, రెండూ ఆ తీగ చివరే ఉన్నాయి.

"మింగింది కక్కు," అని ఒక్క గుంజు గుంజుతుంది.

ఓవెన్ అడుగున బ్రెడ్డు పొడి రాలే పళ్లెం బయటికి జారుతుంది. అందులో గవరయ్య గొంతు ఉంది, కొంచెం దోరగా వేగి. అతను చిటికెడు చిటికెడుగా ఏరుకుని నోట్లో వేసుకుంటాడు. మింగుతాడు. గొంతు సవరించుకుంటాడు.

"మా యమ్మవి. కదపకు."

"నాను కదపనేదు, మావా. ఇల్లు కదుల్తంది."

ఇల్లు మొదట వెనక కాళ్ల మీద లేస్తుంది, తర్వాత ముందు కాళ్ల మీద. ఒకసారి వెన్ను విదిలిస్తుంది. బిందెలూ గిన్నెలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జరుగుతాయి. గట్టు మధ్యలో ఒక ఆడమనిషి కూర్చునేంత చోటు తేలుతుంది. సన్యాసమ్మ దాన్ని చూస్తుంది, కూర్చోదు. బ్రెడ్డు పొట్లం మాత్రం అక్కడ పెడుతుంది. గవరయ్య పొట్లాన్ని చూసి ఏమీ అనడు.

మెట్లు లేకపోవడం ఇంటికి అడ్డు కాదు. ఆమె పలుపు పట్టుకుని ముందు నడుస్తుంది. అది తల ఊపుకుంటూ వెనకే సంతలోకి వస్తుంది.

సంతలో దాని చుట్టూ మూగుతారు. ఒకడు గడప ఎత్తి పళ్లు చూస్తాడు. ఇంకొకడు గోడ మీద చరిచి, "సూడిదేటి, కడుపుతో ఉన్నాదా?" అని అడుగుతాడు. మూడోవాడు మాట లేకుండా తన తువ్వాలు ఆమె చేతి మీద వేస్తాడు. ఆమె తువ్వాలు కింద పిడికిలి విప్పదు.

"ఇది అమ్మకానికి రానేదు, అన్నయ్యా."

"మరెందుకు తోలుకొచ్చేవు?"

"కట్టీడానికి చోటు సూసుకుంటన్నాను."

సంతంతా తిరుగుతుంది. ప్రతి గుంజకీ ఒక యజమాని ఉన్నాడు. ప్రతి గుంజ చుట్టూ వాడి తాతలు తొక్కిన నేల ఉంది. "ఇది మా యమ్మది," అంటారు. "ఇది మా బాబుది," అంటారు. సన్యాసమ్మ వాదించదు. తల ఎత్తి పైకి చూస్తుంది.

ఆకాశం అడుగున ఏమీ లేదు.

గురువులు అప్పటికే నిచ్చెన వేసుకుని ఎక్కి ఉన్నాడు. ఆకాశానికి నాలుగు బెజ్జాలు వేస్తున్నాడు. నీలంగా పొడి రాలి గేదెల వీపుల మీద పడుతోంది.

"రెండు వేళ్ల సందు ఒగ్గీయాల, అప్పా."

"ఒగ్గీయ్."

ఇల్లు వేలాడుతుంది. కింద ఎక్కడా ఆనదు. సన్యాసమ్మ సందు జోలికి పోదు. తువ్వాలు తలకి చుట్టుకుని, రెండు చేతులూ అందరికీ కనిపించేలా గడపలో నిలబడుతుంది.

కింద నుంచి సంత పెద్ద అరుస్తాడు. "దిగీయే. ఇలగ ఏలాడ్డం ఎక్కడా నేదు."

"దిగను."

"పడతావు."

"పట్టుకున్నది నాను. పడేది మీరు సూసుకోండి."

వెనక బిందెల మధ్య నుంచి గవరయ్య గొంతు నెమ్మదిగా వస్తుంది. వేగిన గొంతు, కొంచెం తియ్యగా ఉంది.

"నాకూ ఓ ముక్క కాల్చు."

సన్యాసమ్మ ప్లగ్గును పొద్దు వాలగా మిగిలిన వెలుతురులో గుచ్చుతుంది. ముక్క లోపల పెట్టి తలుపు మూస్తుంది. తీగలు ఎర్రబడతాయి. టింగుమంటుంది. ముక్క బయటికి వస్తుంది, సంత కింద నేల పోతుంది.

"ఏటి పోనాది?" అంటాడు గవరయ్య నములుతూ.

"నేల."

"ఎంతకి?"

"నీ ముక్కకి," అంటుంది సన్యాసమ్మ. ఈసారి ఆమెకి తెలుసు.

కింద గేదెలన్నీ ఎక్కడివక్కడే, తమ పలుపులకి వేలాడుతూ, నింపాదిగా నెమరు వేస్తున్నాయి.